ఆచార్య సూరి భగవంతముగారు

మన పూర్వులు విద్యలను పదునాలుగుగను, కళలను అఱువది నాలుగుగను లెక్కించిరి. లెక్కకు వేఱువేఱుగ నున్నను అవి యన్నియు నొండొంటికి తోడుపడుటచేతనే నిలిచినవి. జ్యోతిషమునకు గణితము కావలెను. శిల్పమునకు కొలత కావలెను. సంగీతమునకు తాళము కావలెను. తాళమనగా కాలమును లెక్కించుటయే కదా! కాని శాస్త్రములు పెరిగిన కొలది వాని నడుమ గోడలు లేచినవి. గణితజ్ఞుడు కాగితము ముందఱ కూర్చుండి తన లోకమున తానుండెను. భౌతికశాస్త్రజ్ఞుడు చీకటిగదిలో పరికరము ముందఱ నిలిచి తన లోకమున తానుండెను. ఒకని భాష యొకనికి తెలియదు. అట్టి గోడయందు తలుపు తెఱచిన మహనీయులలో తెలుగువారొకరు గలరు. వారే ఆచార్య సూరి భగవంతముగారు.

భగవంతముగారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన కృష్ణా మండలములోని ఆగిరిపల్లి గ్రామమున జన్మించిరి. శోభనాచలముపై వెలసిన నరసింహస్వామివలన ఆ గ్రామము ప్రసిద్ధి చెందినది. పల్లెటూర పుట్టిన ఆ బాలుడు ఉన్నతవిద్యకై హైదరాబాదు చేరి నిజాం కళాశాలలో చదివెను. ఆ కళాశాల నైజాము రాజధానిలో నున్నను ఆ దినములలో మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. కావున ఆంధ్రప్రాంతమున పుట్టినవానికి తెలంగాణపు నేలపై చదువు, మదరాసు పట్టము లభించినవి. ఒక్క విద్యార్థి జీవితముననే మూడు సీమలు కలిసినవి. కలుపుట యను గుణము ఆయనకు అప్పటినుండియే అలవడినదేమో!

1928వ సంవత్సరము భారతదేశ విజ్ఞాన చరిత్రయందు మఱపురానిది. ఆ యేటి ఫిబ్రవరి 28వ తేదీన కలకత్తా నగరమున చంద్రశేఖర వేంకటరామనుగారు తమ పేర ప్రసిద్ధమైన కాంతి ధర్మమును కనుగొనిరి. ఒకే రంగు గల కాంతిని ద్రవముపైనగాని స్ఫటికముపైనగాని ప్రసరింపజేసినచో, చెదరివచ్చు కాంతిలో ఆ రంగే కాక మఱికొన్ని క్రొత్త రంగులును సన్నని రేఖలుగ కానవచ్చును. పదార్థములోని పరమాణువులు నిరంతరము కంపించుచుండును. ఆ కంపనముల జాడయే యీ క్రొత్త రేఖలు. గుమ్మడికాయను మీటి చూచి లోపలి పక్వము నెఱుగునట్లు, ఆ రేఖలను చూచి పదార్థము లోపలి నిర్మాణమును ఎఱుగవచ్చును. ఆ సంవత్సరముననే భగవంతముగారు కలకత్తా చేరి రామనుగారి శిష్యులైరి. అప్పటికి వారి వయస్సు ఇరువది యేండ్లకు లోపు.

గురువు గొప్పవాడు, కాలము గొప్పది, శిష్యుడును తగినవాడు. 1930లో భగవంతముగారు వజ్రముపై కాంతిని ప్రసరింపజేసి దాని రేఖను పరిశీలించిరి. 1931లో గురుశిష్యులిరువురు కలిసి, కాంతికణమునకు ఆత్మభ్రమణము గలదని ప్రయోగమూలముగ నిరూపించుటకై చేసిన కృషిని ప్రకటించిరి. మదరాసు విశ్వవిద్యాలయమువారు వారికి ఎం.ఎస్‌సి. పట్టము నొసంగిరి.

ఆ దినములలో విశాఖపట్టణ సమీపమున వాల్తేరునందు ఆంధ్ర విశ్వవిద్యాలయము క్రొత్తగా పెరుగుచుండెను. అది 1926లో స్థాపితమైనది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు ఉపాధ్యక్షులై విజ్ఞానశాఖలను నెలకొల్పబూనిరి. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయల విరాళము నొసంగి ఆ విద్యాలయమును ఆదుకొనిరి. భగవంతముగారు 1932లో అచ్చట భౌతికశాస్త్ర బోధకులుగ ప్రవేశించిరి. ఇరువది మూడేండ్ల యువకునకు ఆ పని సామాన్యమైనది కాదు. ఐరోపాలోని ప్రయోగశాలలకు వందల యేండ్ల చరిత్ర గలదు, ధనము గలదు, పరికరములు గలవు. వాల్తేరునందున్నవి క్రొత్త గోడలు, ఎదుట సముద్రము, ఉత్సాహవంతులైన పిల్లలు. అట్టిచోటనుండి ప్రపంచము తలయెత్తి చూచునట్టి పని చేయుట సాధ్యమా? ఇది భగవంతముగారి యెదుట నిలిచిన మొదటి ప్రశ్న.

రెండవ ప్రశ్న శాస్త్రమునకు సంబంధించినది. రామన్ ధర్మము వెల్లడియైన పిమ్మట ప్రపంచమంతటను వందలకొలది పదార్థముల రేఖలను పటములలో నెక్కించుచుండిరి. రేఖలు కుప్పలుగ చేరినవి. కాని ఒక పదార్థమునకు రేఖలు ఎన్ని యుండవలెను? కానవచ్చినవి మూడైనచో, నాలవది లేకయే కానరాలేదా, లేక మసకగ నుండుటచే కానరాలేదా? పటములో నొక రేఖ అధికముగ నున్నచో అది ఆ పదార్థమునదా, లేక కల్మషముయొక్క జాడయా? ఈ సంగతులను పరికరము చెప్పజాలదు.

గ్రామలెక్కలు వ్రాయువారికి ఈ చిక్కు సులభముగ బోధపడును. పహాణీయందు ఒక్కొక్క సర్వే నంబరు విస్తీర్ణమును వ్రాసికొనుచు పోయినంత మాత్రమున లెక్క సరియైనదని చెప్పుటకు వీలులేదు. అన్నింటిని కూడిన మొత్తము సేత్వారులోని గ్రామ విస్తీర్ణమునకు సరిపోలవలెను. సరిపోలనిచో ఎచ్చటనో తప్పు దొర్లినదని తెలియును. భౌతికశాస్త్రజ్ఞుల చేత పహాణీ యుండెను, సేత్వారు లేకుండెను. ఆ సేత్వారును సమకూర్పగలిగినది గణితము.

అది యెట్టి గణితమో కొంచెము వివరింపవలసియున్నది. సంక్రాంతినాడు వాకిట పెట్టు ముగ్గును చూడుడు. నాలుగు మూలలు గల ముగ్గును పావువంతు త్రిప్పినను రూపము మాఱదు. సగము త్రిప్పినను మాఱదు. నడుమ అద్దము నిలిపినను ప్రతిబింబము మూలమునకు సరిపోవును. కరీంనగరపు వెండి తీగపనివారు అల్లిన పువ్వును ఆఱు రేకులలో ఏ రేకువైపునకు త్రిప్పినను అదే పువ్వు. ఇట్లు త్రిప్పినను, మళ్ళించినను రూపము చెడకుండుటకు సౌష్ఠవమని పేరు. ఒక రూపమును మాఱకుండ ఉంచు త్రిప్పుటలన్నిటిని ఒకచోట కూర్చినచో అది యొక సమూహము. అందు ఒక త్రిప్పుట వెనుక మఱియొక త్రిప్పుట జరిపినను ఆ సమూహములోని దానికే సమానమగును. ఈ సమూహ సిద్ధాంతమునకు పునాది వేసినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశపు గాల్వా యను యువకుడు. అతడు సమీకరణముల సాధనకై దానిని యోచించి, 1832లో ఇరువది యేండ్ల ప్రాయముననే మరణించెను. రాళ్ళకును రత్నములకును తన గణితము పనికివచ్చునని అతడు కలనైనను తలచియుండడు.

ప్రకృతిలోని స్ఫటికములన్నియు సౌష్ఠవమునుబట్టి 32 తరగతులుగ విభక్తములగునని జర్మను దేశీయుడగు హెస్సెలు 1830లోనే చూపెను. అటుపిమ్మట నూఱేండ్లకు, 1930లో, విగ్నరు అను పండితుడు అణువుల కంపనములకు ఈ సమూహ గణితమును అన్వయించెను. కాని ఆ గ్రంథములు కఠినమైన గణితభాషలో నుండెను. ప్రయోగశాలలో పనిచేయు పెక్కుమందికి అవి లోహపు పెట్టెలో పెట్టి తాళము వేసిన ధనమువలె నుండినవి.

ఆ తాళమును తీయుటకు భగవంతముగారు ఒంటరిగ పూనుకొనలేదు. ఇదియే వారి వివేకము. గణితమున ఆఱితేఱిన టి. వేంకటరాయుడుగారిని తోడు చేసికొనిరి. ఒకరు ప్రకృతిని ఏమని ప్రశ్నింపవలెనో ఎఱిగినవారు. ఒకరు ఆ ప్రశ్నను లెక్కలోనికి దింపుట ఎఱిగినవారు. ప్రశ్న తెలిసి లెక్క తెలియనివాడు తడుములాడును. లెక్క తెలిసి ప్రశ్న తెలియనివాడు శూన్యమున మేడలు కట్టును. ఇరువురును కలిసి 1939లో స్ఫటికముల రామన్ ధర్మమును గూర్చిన పరిశోధనమును భారత విజ్ఞాన పరిషత్తు పత్రికయందు ప్రకటించిరి.

వారు చేసిన పనిని ఒక చిన్న ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. మీథేను అను వాయువుయొక్క అణువునందు పరమాణువులు 5 గలవు. ఒక్కొక్కటి మూడు దిక్కులకు కదలగలదు గనుక మొత్తము కదలికలు 15. అణువు అంతయు ఒక్కటిగ జరుగుట 3 విధములు. ఒక్కటిగ తిరుగుట 3 విధములు. ఈ ఆఱును తీసివేయగా నిజమైన కంపనములు 9 మిగులును. కాని ఆ అణువుయొక్క సౌష్ఠవముచే అందు కొన్ని సరిసమానమైన వేగముతో కంపించును. సమూహ గణితము ఆ తొమ్మిదింటిని ఒకటి, రెండు, మూడు, మూడు చొప్పున నాలుగు జట్లుగ విభజించును. కూడిచూచిన మరల తొమ్మిదియే. కావున వేఱువేఱు కంపన వేగములు నాలుగే యుండవలెను. పరికరమును ముట్టకయే ఈ సంఖ్య తేలుచున్నది!

ఇది విడియణువు మాట. స్ఫటికమునందన్ననో పరమాణువులు లెక్కకందనివి. అచ్చట ఏమి చేయవలెను? ఓరుగంటి జంపఖానాను చూచినచో ఆ యుపాయము తెలియును. జంపఖానా యెంత పెద్దదైనను అందలి అల్లిక ఒక చిన్న గడియే. ఆ గడియే మరల మరల వచ్చుచుండును. ఒక్క గడిని చదివినచో జంపఖానా యంతయు చదివినట్లే. భగవంతముగారు, వేంకటరాయుడుగారు స్ఫటికమునందు మరలమరల వచ్చు ఆ చిన్న గడిని గ్రహించి, గడినుండి గడికి జరుగుటను కదలిక లేనట్లుగ భావించి, మిగిలిన సౌష్ఠవముతో లెక్క సాగించిరి. ఈ పద్ధతిచే, గడియందు రెండు పరమాణువులు గల వజ్రమునకు ఒక్క రామన్ రేఖయే యుండవలెనని తేలును. గడియందు పది పరమాణువులు గల కాల్సైటు అను సున్నపురాతి స్ఫటికమునకు ఐదు రేఖలుండవలెను. మనము తినెడి యుప్పునకు మొదటి తరగతి రేఖ యొక్కటియు నుండరాదు. లెక్క చెప్పినట్లే పరికరమును చెప్పినది. పహాణీకి సేత్వారు దొరకినది.

ఈ విజయముకంటెను ఆశ్చర్యకరమైనది మఱియొకటి గలదు. స్ఫటికమును అదిమినచో దాని గుండ పోవు కాంతి నడక మాఱును. ఆ మార్పును తెలుపుటకు కొన్ని స్థిరాంకములు కావలెను. ఏ తరగతి స్ఫటికమునకు ఎన్ని స్థిరాంకములో జర్మను దేశపు పాకెల్సు అను మహాపండితుడు పందొమ్మిదవ శతాబ్దము చివరనే నిర్ణయించెను. ఘనాకార వర్గపు స్ఫటికములకన్నిటికి మూడేయని అతడు చెప్పగా, ఏబది యేండ్లవఱకు లోకమంతయు నదియే పాఠముగ చదివినది. 1942లో భగవంతముగారు సమూహ గణితముతో ఆ లెక్కను మరల వేసిచూచిరి. ఘనాకార వర్గమునందలి ఐదు తరగతులలో మూడింటికి మూడు స్థిరాంకములే. కాని తక్కిన రెండు తరగతులకు నాలుగు కావలెనని తేలెను. నీటిని తేర్చుటకు మన యిండ్లలో వాడు పటిక యట్టి తరగతిలోనిదే. పెద్దవాడు వ్రాసినాడుగదా యని చిన్నవాడు ఊరకుండవలసిన పనిలేదు. లెక్క వేయుటకు ఎవ్వరికైనను అధికారము గలదు. పాకెల్సు గొప్పతనము దీనిచే తగ్గలేదు, శాస్త్రమర్యాద నిలిచినది.

ఆ సంవత్సరము ఎట్టిదో కూడ స్మరింపదగును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. యుద్ధకారణమున విశ్వవిద్యాలయమే వాల్తేరు విడిచి గుంటూరునకు తరలిపోవలసి వచ్చినది. పరికరములను మూటగట్టి మోసికొనిపోవుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు. గణితమునకు మాత్రము కాగితము, కలము చాలును. పేదదేశమునందలి విద్వాంసునకు గణితముతోడి చెలిమి ఎంత మేలు చేయునో ఇంతకంటె నిదర్శనము వేఱు కావలెనా?

1948లో భగవంతము, వేంకటరాయుడు గారలు తమ పరిశోధన ఫలమును సమూహ సిద్ధాంతము, భౌతిక సమస్యలయందు దాని యుపయోగము అను విషయముపై ఆంగ్లగ్రంథముగ రచింపగా ఆంధ్ర విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. తెలుగు గడ్డపై అచ్చైన ఆ గ్రంథము 1959లో రష్యను భాషలోనికి అనువదింపబడినది. పరభాషలనుండి మనము తెచ్చుకొనుటయే కాని మననుండి వారు కొనిపోవుట అరుదుగ నుండిన కాలమది. నేటికిని స్ఫటిక కంపనములను లెక్కించు ఆ పద్ధతిని పండితులు ఇరువురి పేర్లతో కలిపియే చెప్పుదురు.

1948, 49 సంవత్సరములలో భగవంతముగారు లండనునందు భారతప్రభుత్వ వైజ్ఞానిక సంధానాధికారిగ నుండిరి. 1949లో హైదరాబాదునకు మరలివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయమున భౌతిక ప్రయోగశాలల అధ్యక్షత వహించిరి. తాము విద్యార్థిగ తిరిగిన నగరమునకే ఆచార్యులై వచ్చుట వారికెంత తృప్తినిచ్చెనో ఊహింపవచ్చును. సంస్థానము భారతయూనియనులో చేరి అప్పటికి ఎంతో కాలము కాలేదు. ఉర్దూ మాధ్యమమునుండి ఆంగ్లమునకు విశ్వవిద్యాలయము మాఱుచుండెను. పాతది పోయి క్రొత్తది కుదురుకొనని సంధికాలమది. 1952నుండి 1957వఱకు వారు ఆ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగ నుండిరి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడినదియు ఆ కాలముననే. కరీంనగర, ఆదిలాబాదు మండలముల పల్లెలనుండి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని పట్టణము చేరిన పిల్లలకు ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఉన్నతవిద్యకు వాకిలి. ఆ వాకిటికి ఆ దినములలో కావలియున్నవారు భగవంతముగారు.

1957లో బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థకు వారు సంచాలకులైరి. ఒకప్పుడు వారి గురువు రామనుగారు అధిష్ఠించిన పీఠమది. 1962వఱకు అచ్చట నుండిరి. 1961లో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగ నియుక్తులై 1969వఱకు ఆ భారమును మోసిరి. 1962లో చైనాతో, 1965లో పాకిస్తానుతో యుద్ధములు సంభవించినది ఆ కాలముననే. ఆయుధములకై పరదేశముల మొగము చూచుట యెంత హీనమో దేశము గుర్తించిన దినములవి. క్షిపణి పరిశోధనశాల 1962లో హైదరాబాదునకు వచ్చినది. లోహ పరిశోధనశాల 1963లో అచ్చటనే వెలసినది. నేడు హైదరాబాదు రక్షణ విజ్ఞానమునకు పెద్ద కేంద్రమైనదన్నచో అందులకు విత్తు నాటినది వారి హయాములోనే.

పెద్ద పదవులు విద్వాంసునకు లాభమా, నష్టమా? ఈ ప్రశ్న వేయక తప్పదు. సంతకములు, సభలు, ప్రయాణములు దినమును మింగివేయును. భగవంతముగారి వంటివారు వాల్తేరుననే యుండి మఱి ఇరువదియేండ్లు పరిశోధన సాగించియున్నచో ఎంత ఫలము పండియుండెడిదోయని అనుకొనుట సహజము. కాని దేశమునకు అప్పుడు సంస్థలు కావలసియుండెను. సంస్థలను నడుపుటకు శాస్త్రమెఱిగినవారు కావలసియుండిరి. వారు ఆ పిలుపును కాదనలేదు. పరిశోధనను పూర్తిగ విడువను లేదు. రక్షణశాఖ భారము నెత్తిపై నుండగనే 1964లో పి.వి. పంతులుగారితో కలిసి అయస్కాంత స్ఫటికములకు తమ పద్ధతిని విస్తరింపజేసిరి. 1966లో స్ఫటిక సౌష్ఠవమును భౌతికధర్మములను గూర్చి ఆంగ్లమున సమగ్ర గ్రంథమును వెలువరించిరి. వాల్తేరులో వెలిగించిన దీపమును ఢిల్లీలోను ఆర్పలేదని దీనివలన తెలియుచున్నది.

పదవులు ముగిసిన పిమ్మటను వారు విశ్రమింపలేదు. వర్ధమాన దేశములలో విజ్ఞానము పెంపొందించుటకై అంతర్జాతీయ విజ్ఞాన సంఘముల మండలి ఏర్పఱచిన సంఘమునకు అధ్యక్షులుగ పనిచేసిరి. ఉత్తరవయస్సున పుట్టపర్తి సత్యసాయిబాబాగారి తెలుగు ప్రసంగములను సభలలో ఆంగ్లమున వినిపించుచుండిరి. శాస్త్రజ్ఞుడు ఆధ్యాత్మికమువైపు మఱలుటను మెచ్చినవారును గలరు, మెచ్చనివారును గలరు. రెండు భాషల నడుమ, రెండు లోకముల నడుమ వంతెనగ నిలుచుట వారికి జీవితమంతయు అలవాటైన పనియేయని మాత్రము చెప్పవచ్చును. 1989వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన భగవంతముగారు పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 79 సంవత్సరములు.

వారి జీవితమునుండి గ్రహింపవలసినది ఒక్కటి ముఖ్యముగ గలదు. గొప్ప పనిలో పాలుపంచుకొన్నవారి పేరు దాచకుండుట సజ్జన లక్షణము. ఆచార్యుని పేరే గ్రంథముపై నిలిచి, తోడివారి పేరు పీఠికలో ఒక పంక్తిగ మిగులుట లోకమున తఱచుగ కనుచున్నాము. ఇచ్చట అట్లు కాలేదు. భగవంతముగారు పదవులచే లోకప్రసిద్ధులైరి. వేంకటరాయుడుగారిని పండితులు తప్ప ఇతరులెఱుగరు. అయినను గ్రంథముపై ఇద్దఱి పేర్లును నిలిచినవి. పద్ధతికిని ఇద్దఱి పేర్లును నిలిచినవి. కలిసి దున్నిన చేనికి పంట పంపకము ధర్మముగ జరిగినది.

గ్రంథాలయమునందు గణితము ఒక బీరువాలోను, భౌతికము ఒక బీరువాలోను, కావ్యము ఒక బీరువాలోను ఉండును. అది సర్దుబాటు కొఱకు చేసిన యేర్పాటే గాని విద్యల నడుమ కట్టిన సరిహద్దు కాదు. ఒక బీరువాలోని పుస్తకమునకు మఱియొక బీరువాలోని పుస్తకముతో మాటలాడించువాడే నిజమైన చదువరి. ఇరువది యైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునందు, చొప్పదండి నవోదయ విద్యాలయపు పిల్లలుగాని, చేనినుండి వచ్చి దీపము ముందఱ కూర్చుండు రైతుబిడ్డలుగాని, ఎవ్వరైన నొకరు లెక్కల పుస్తకమును చేతబట్టి వాకిటి ముగ్గువైపు చూచి ఇది యెన్ని విధముల త్రిప్పినను మాఱదేమని ప్రశ్నించుకొన్నచో, ఆగిరిపల్లిలో పుట్టిన ఆ మహనీయుని జీవితము ఇచ్చటను ఫలించినట్లే.